చంద్రుడి మీద కూడా ఏరియేటర్ ఉండాలి కదా నాన్నా

పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువులు చేసే ఒక తండ్రి ఇలా రాశారు: "మా అమ్మాయి పదో తరగతి 560 మార్కులతో పాసైందండి. డాక్టర్ వద్దు, సాఫ్ట్‌వేర్ వద్దు, చంద్రుడి మీద మనుషులు ఉండే ఏర్పాట్లు చేసే చదువు చదువుతానంటోంది. మొన్న రాత్రి రెండింటికి చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు చూడటానికి నాతో గట్టు మీదకి వచ్చి, 'అక్కడ కూడా ఇలాగే ఏరియేటర్ ఉండాలి కదా నాన్నా' అంది. అలాంటి చదువు ఉందా? ఉంటే తిండి పెడుతుందా? ఎంపీసీలో చేర్చాలా, బైపీసీలోనా?"

నమస్కారమండి. అమ్మాయి అన్న ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. రాకెట్ గురించి అడిగే పిల్లలు వారానికి ఇద్దరు ముగ్గురు వస్తారు. అక్కడికి వెళ్ళాక ఊపిరి ఎలా తీసుకోవాలని అడిగిన పిల్ల ఈమే.

చెరువు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది. అడుగున మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా పెరుగుతుంది. కరెంటు పోయినప్పుడు జనరేటర్ అందుకోకపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. చంద్రుడి మీద ఇల్లు కట్టినా ఇదే తంటా. చుట్టూ గాలి లేని చోట అది మూత బిగించిన గది. మనిషికి రోజుకు సుమారు 840 గ్రాముల ఆక్సిజన్ కావాలి. వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని తీసెయ్యాలి. చెమటనీ మూత్రాన్నీ మళ్ళీ తాగే నీరు చెయ్యాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2023 నాటికి ఇలా 98 శాతం నీటిని తిరిగి రాబట్టగలిగారు. ఐరోపా అంతరిక్ష సంస్థకి మెలిస్సా అని ఒక ప్రాజెక్టు ఉంది, బార్సిలోనాలో దాని ప్రయోగశాల. మనిషి వ్యర్థాల నుంచే మళ్ళీ తిండీ గాలీ తెచ్చుకోవడం ఎలాగో వాళ్ళు దశాబ్దాలుగా పరిశోధిస్తున్నారు. అందులో ఒక అంచె మొత్తం నైట్రిఫయింగ్ బ్యాక్టీరియాదే, అమ్మోనియాని నైట్రేట్ చేయడం దాని పని. మీ చెరువులో అమ్మోనియాని తగ్గించేదీ ఆ రకం బ్యాక్టీరియానే. పుస్తకంలో చదవకముందే మీ అమ్మాయి దాన్ని గట్టు మీద చూసింది.

చంద్రుడి మీద కష్టాలు మాత్రం మరీ గట్టివి. రాత్రి మన లెక్కలో 14 రోజులు, అన్నాళ్ళూ సోలార్ కరెంటు ఉండదు. 2023 ఆగస్టు 23న దిగిన చంద్రయాన్-3 ఒక్క పగలు పనిచేయడానికే తయారైంది. సెప్టెంబరు మొదట్లో నిద్రపుచ్చాక మళ్ళీ లేవలేదు. ఆ పగట్లోనే అది నేలలోకి ఒక థర్మామీటర్ కడ్డీ దించింది. పైన 50 డిగ్రీలు దాటిన వేడి ఉంటే, 8 సెంటీమీటర్ల లోతుకే మైనస్ 10 దగ్గర చూపించింది. అంటే ఆ మట్టి వేడిని లోపలికి పోనివ్వదు. అందుకే ఇంటి మీద ఆ మట్టినే మందంగా కప్పాలని ఇంజినీర్లు ఆలోచిస్తున్నారు, రేడియేషన్ కూడా తగ్గుతుందని. కానీ ఆ మట్టితో వేరే చిక్కుంది. గోదావరి ఇసుక చిటికెడు భూతద్దం కింద పెట్టి చూపించండి, నీళ్ళలో దొర్లి దొర్లి గింజల అంచులు అరిగి ఉంటాయి. అక్కడ నీరూ గాలీ లేవు, అరిగేది ఎక్కడ? దుమ్ము పగిలిన గాజులా ఉంటుంది. 1972లో అమెరికా అపోలో-17లో చంద్రుడి మీదకి వెళ్ళిన జియాలజిస్ట్ హారిసన్ ష్మిట్‌కి అది పీల్చాక ముక్కు దిబ్బడ వేసింది.

ఇక చదువు. ఎంపీసీలోనే చేర్చండి. ఇస్రో ఎక్కువగా తీసుకునేది ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్ ఇంజినీర్లని. తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో సీటుకి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. అది రాకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. మీ ఇంటి నుంచి ఒక్క పూట ప్రయాణం కూడా లేని తాడేపల్లిగూడెం నిట్‌లో కెమికల్, బయోటెక్నాలజీ, మెకానికల్ ఉన్నాయి, సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే. గాలీ నీరూ ప్రశ్నకి కెమికల్ చక్కగా సరిపోతుంది. పరిశోధన మీద మనసుంటే తిరుపతి ఐసర్, సైన్సు చదువుకీ పరిశోధనకీ పెట్టిన కేంద్ర విద్యాసంస్థ. దాని పరీక్షలో లెక్కలతో పాటు బయాలజీ కూడా వస్తుంది కాబట్టి బయాలజీ పుస్తకాలు అటకెక్కించొద్దు.

తిండి పెడుతుందా అన్నారు. ఇస్రోలో సైంటిస్ట్‌గా చేరితే మూలవేతనం నెలకు 56,100 రూపాయలు, అలవెన్సులు అదనం. కానీ అక్కడ ఖాళీలు తక్కువ, పోటీ ఎక్కువ. ఒక్క ఇస్రో మీదే ఆశ పెట్టుకోమని నేను చెప్పను. నీటి శుద్ధి, ఫార్మా, నీళ్ళు మార్చకుండా రొయ్యలు పెంచే పద్ధతులు, అన్నిటికీ కావలసింది ఈ విద్యే. మనిషిని 2040 నాటికి చంద్రుడి మీదకి పంపాలన్నది మన దేశం పెట్టుకున్న లక్ష్యం. అప్పటికి మీ అమ్మాయికి ముప్ఫై ఏళ్ళుంటాయి, పనిలో పండే వయసు.

ఒక విషయం దాచకుండా చెబుతాను. పన్నెండేళ్ళ క్రితం గౌరీపట్నం క్వారీల నుంచి నల్లరాళ్ళు ఏరుకొచ్చి నా టేబుల్ మీద పరిచిన కుర్రాడికి జియాలజీ వద్దన్నాను, కంప్యూటర్ సైన్స్ తీసుకోమన్నాను. చంద్రుడిలో కుందేలులా కనిపించే ఆ నల్లటి మచ్చ కూడా ఆ జాతి రాయే, బసాల్ట్. అది నాకు తర్వాత తెలిసింది. ఆ అబ్బాయి బాగానే ఉన్నాడు. రాళ్ళు మాత్రం వదిలేశాడు. మీ అమ్మాయి విషయంలో ఆ తప్పు చెయ్యలేను.

రెండేళ్ళూ హాస్టల్లో పెట్టి చెరువుకి పూర్తిగా దూరం చెయ్యకండి. సెలవులకి వచ్చినప్పుడు ఒక నోట్‌బుక్ ఇచ్చి, తెల్లవారుజామున నాలుగింటికీ సాయంత్రం నాలుగింటికీ డీవో, పీహెచ్, అమ్మోనియా తనే స్వయంగా చూసి రాయమనండి. ఏరియేటర్లు ఎన్ని గంటలు తిరిగాయో పక్కన వెయ్యమనండి. ఈ పంట పట్టుబడి అయ్యాక ఆ పుస్తకం పట్టుకుని ఇద్దరూ రండి, దాన్ని ముందు పెట్టుకునే కాలేజీ సంగతి మాట్లాడుకుందాం.