సరస్సు ఒడ్డున యర్ట్ కోసం చీటీ పాడేయాలా?

ప్రశ్న: మాది విజయనగరం. ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 38 వేలు. మా ఆవిడ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, నెలకి 20 వేల దాకా వస్తాయి. పిల్లలు ఐదు, ఎనిమిది తరగతులు. కిర్గిజ్‌స్తాన్‌లో సోంగ్‌కుల్ సరస్సు పక్కన యర్ట్‌లో (అక్కడి కాపరుల గుడారంలో) నాలుగు రోజులు ఉండాలని ఎప్పటి నుంచో కోరిక. ఏజెంటు నలుగురికీ 4 లక్షలంటున్నాడు. 20 నెలల 3 లక్షల చీటీలో ఆరు నెలలు కట్టాను. ఇప్పుడు పాడితే 75 వేలు వదులుకోవాలి. పాడేసి, మిగతాది ఎఫ్‌డీ తీసి దసరా సెలవుల్లో వెళ్లిరావచ్చా?

జవాబు: వెళ్లండి, కానీ ఈ దసరాకి కాదు. డబ్బు సంగతి తర్వాత, ముందు అసలు దసరాకి అక్కడ యర్ట్‌లే ఉండవండి. సోంగ్‌కుల్ 3,016 మీటర్ల ఎత్తున ఉంది. పశువుల కాపరులు జూన్‌లో మందలతో పైకెళ్లి, ఉన్నితో చేసిన ఆ గుండ్రటి గుడారాలు వేసుకుని, సెప్టెంబరు అయ్యేసరికి విప్పేసి దిగిపోతారు. మన పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగే నాటికి అక్కడ చలి, మంచు, ఖాళీ మైదానం. ఈ మాట మీ ఏజెంటు చెప్పలేదంటే అతని మిగతా మాటలు కూడా ఒకసారి గట్టిగా అడిగి చూసుకోండి. పైగా దసరా ముందు రోజులు మీ ఆవిడ కుట్టుపనికి మంచి సీజన్, ఆ ఆదాయం పోవడం మీరు లెక్కలో వేసుకున్నట్టు లేదు.

ఇక చీటీ. ఇప్పుడు పాడితే చేతికొచ్చేది 2,25,000. ఇంకా 14 నెలలు వాయిదా కట్టాలి, డివిడెండ్ (పాటలో వదిలిన సొమ్ములో మీకొచ్చే వాటా) పోను అది నెలకి 15 వేల లోపే ఉంటుంది గానీ ఇద్దరి ఆదాయం 58 వేలున్న ఇంటికి తేలిక కాదు. చివరిదాకా ఆగితే, కమీషన్ 5 శాతం అనుకుంటే 2,85,000 వస్తుంది. అంటే తొందరపడినందుకు 60 వేలు. వచ్చే ఏడాది జూన్ చివర్లోనో జూలై మొదట్లోనో వెళ్లేలా పెట్టుకుంటే అప్పటికి మీ చీటీ 15, 16 నెలలకు వస్తుంది, అప్పుడు పాటలో పోయేది మామూలుగా చాలా తక్కువ. బడి తెరిచేస్తారే అంటారా? ఆ వయసు పిల్లలకి వారం రోజులు పోతే కొంపేం మునగదు. మీ సెలవు మాత్రం ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

ఎఫ్‌డీ జోలికి వెళ్లొద్దు. ప్రైవేటు ఉద్యోగం, ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఆ డబ్బు ఆపదకి. పర్సనల్ లోన్ ఆలోచన వస్తే కూడా మానేయండి: 2 లక్షలు 14 శాతానికి రెండేళ్లు తీసుకుంటే ఈఎంఐ 9,600, వడ్డీయే 30 వేలు దాటుతుంది. తక్కువ పడే లక్ష పైచిలుకుకి ఈ నెల నుంచే ఒక ఆర్‌డీ కట్టండి. నెలకి పది వేలు వీలుకాకపోతే ప్రయాణం ఇంకో ఏడాది జరుగుతుంది, అంతే.

ఆ 4 లక్షలు కూడా తగ్గించొచ్చు. యర్ట్‌లో పడకకీ తిండికీ అయ్యేది ఈ ఖర్చులో చిన్న భాగం, డబ్బంతా వైజాగ్ నుంచి ఢిల్లీ మీదుగా వాళ్ల రాజధాని బిష్కెక్ వెళ్లే టికెట్లకీ, అక్కడి నుంచి కొండెక్కే బండికీ పోతుంది. ఏజెంటుని విమానం, బండి, బస వేర్వేరుగా రాసిమ్మనండి. బండి ఇంకో కుటుంబంతో పంచుకుంటే ఆ ఖర్చు సగం. ప్యాకేజీ కొంటే టీసీఎస్ అని ముందుగానే కొంత పన్ను కూడా పట్టుకుంటారు, అది పోయిన సొమ్ము కాదు, మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోండి.

సరస్సు దగ్గర బ్యాంకు లేదు, ఏటీఎం లేదు. దారిలో కొచ్‌కోర్ ఊళ్లోనే నగదు తీసుకుని పైకెళ్లాలి. వాళ్ల కరెన్సీ సోమ్ ఈమధ్య దాదాపు మన రూపాయితో సమానంగా ఉంటోంది, కాబట్టి ధరలు అర్థం చేసుకోవడానికి టెన్షన్ పడక్కర్లేదు. మన కార్డు గీకితే చాలా బ్యాంకులు 3.5 శాతం దాకా, దానిమీద జీఎస్‌టీ కూడా వేస్తాయి. డాలర్లు తీసుకెళ్తే నలగనివి, చిరగనివి పట్టుకెళ్లండి, పాత నోట్లు మార్చేవాళ్లు వెనక్కి ఇచ్చేస్తారు.

ట్రావెల్ ఇన్సూరెన్స్ మాత్రం తప్పకుండా తీసుకోండి. మీ ఇంటి హెల్త్ పాలసీ మామూలుగా మన దేశం దాటితే పనిచేయదు. అక్కడికెళ్తే పిల్లలు గుర్రం ఎక్కకుండా ఉండరు, గుర్రపు స్వారీలో దెబ్బ తగిలితే కవర్ ఉందా, కొండ మీద నుంచి ఆసుపత్రికి దింపే ఖర్చు ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి, చాలా పాలసీలు సాహస క్రీడల పేరుతో ఇవే తప్పించేస్తాయి.

ఇంకొకటి. జూలైలో కూడా అక్కడ రాత్రిళ్లు సున్నా దగ్గరికి పడిపోతుంది, మరుగుదొడ్డి బయట ఎక్కడో దూరంగా ఉంటుంది. డిసెంబర్లో ఒక రాత్రి లంబసింగిలో టెంట్ తీసుకుని పిల్లలతో పడుకుని చూడండి. వాళ్లు తెల్లారేసరికి ఇంటికెళ్దామని ఏడిస్తే మీకు 4 లక్షలు మిగిలినట్టే. ఈ నెల చీటీ పాటకి వెళ్లినా, నోరు విప్పకుండా వచ్చేయండి.