దంత కళాశాల నిధికి చెయ్యి చాచే ముందు చూసుకోవాల్సిన లెక్కలు

చి. సుధకి ఆశీస్సులు.

పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శిగా బాధ్యత తీసుకున్నావనీ, ఈ ఏడాది రోగుల సేవకీ పిల్లల చదువు సాయానికీ నిధి పోగుచేద్దామనుకుంటున్నావనీ రాశావు. చాలా సంతోషం. ఎవరిని ఎంత అడగాలి అన్నావు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఏ పనికి అడుగుతున్నాం, ఆ పని చివరిదాకా పూర్తి కావాలంటే ఎంతవుతుంది? ఈ లెక్క చేతిలో లేకుండా వాట్సాప్ గ్రూపులో విజ్ఞప్తి పెడితే మొదటి వారం కొంత వస్తుంది, రెండో వారానికి ఆగిపోతుంది. తర్వాత ఎన్నిసార్లు గుర్తుచేసినా పలకరు.

ప్రభుత్వ కాలేజీలో వైద్యం ఉచితమే కదా, ఇంక డబ్బెందుకని దాత తప్పకుండా అడుగుతాడు. దానికి కట్టుడు పళ్ళ సెట్టు లెక్కే నీ జవాబు. అది ఒక్క రోజులో అయ్యే పని కాదని నీకు తెలుసు, దాతకి తెలీదు. మొదటిసారి ప్రైమరీ ఇంప్రెషన్, అంటే నోటి తొలి అచ్చు. రెండోసారి బోర్డర్ మోల్డింగ్ (అంచుల కొలత), ఫైనల్ ఇంప్రెషన్ (తుది అచ్చు). మూడోసారి జా రిలేషన్ (పై, కింది దవడల పొందిక కొలత), నాలుగోసారి ట్రై ఇన్ (మైనం మీద పళ్ళు పెట్టి సరిచూడటం), అయిదోసారి పళ్ళు అమర్చడం. ఆ తర్వాత చిగురు ఒరుసుకుని పుండు పడితే సరిచెయ్యడానికి ఇంకో ఒకటి రెండుసార్లు. అంటే ఆరేడు ప్రయాణాలు. నల్లగొండ జిల్లా మర్రిగూడ నుంచో చండూరు నుంచో హైదరాబాదు వచ్చే పెద్దాయన సంగతి ఆలోచించు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం, కాబట్టి ఆయన భార్యకి ఛార్జీ ఉండదు, ఆయనకి ఉంటుంది. తోడు వచ్చే కొడుక్కి టికెట్టుతో పాటు ఆ రోజు కూలీ పోతుంది. అందుకే జా రిలేషన్ దాకా వచ్చి మానేసేవాళ్ళు ఎక్కువ. అప్పటికి అచ్చులకి వాడే సామాను, అంటే ఆల్జినేట్, గ్రీన్ స్టిక్, జింక్ ఆక్సైడ్ పేస్టు, డెంటల్ స్టోన్, షెల్లాక్ బేస్ ప్లేట్, వ్యాక్స్ అన్నీ ఖర్చయిపోయి ఉంటాయి. నోట్లోకి పళ్ళు మాత్రం రాలేదు.

ఇక్కడే నువ్వు దాతలకి వివరంగా చెప్పాల్సిన సంగతి ఉంది. ఆ రోగిని మళ్ళీ రప్పించడానికి ఛార్జీలు పెట్టుకునేది చాలాసార్లు విద్యార్థే. ఇన్ని కేసులు పూర్తి చెయ్యాలన్న కోటా పూర్తి కాకపోతే పరీక్షకి కూర్చోవడం కష్టం, సెట్టు మధ్యలో ఆగితే కోటాలో లెక్కకి రాదు. అందుకని మూడో ఏడాది, నాలుగో ఏడాది పిల్లలు రోగికి బస్సు డబ్బులు, మధ్యాహ్నం భోజనం, స్టోర్‌లో లేనప్పుడు సెట్టులో అమర్చే కృత్రిమ పళ్ళు, బయటి ల్యాబ్ ఛార్జీ కూడా సొంత జేబులోంచి పెట్టుకుంటారు. ఇంట్లో ఇచ్చేవాళ్ళున్న పిల్లలకి ఇది చిన్న ఇబ్బంది. లేనివాళ్ళు మెస్ బిల్లు ఆపి రోగికి పెడతారు. కాబట్టి రోగుల సేవ ఒక పద్దు, విద్యార్థి సాయం ఇంకో పద్దు అని విడదీసి అడగొద్దు. రోగి ఖర్చు నిధి భరించిన రోజున విద్యార్థి భారం దానంతట అదే తగ్గుతుంది. ఈ ముక్క అర్థమైన దాత మళ్ళీ మళ్ళీ ఇస్తాడు.

లెక్క తీసే పద్ధతి చెబుతాను. ప్రోస్తో (కట్టుడు పళ్ళ) డిపార్ట్‌మెంట్ రిజిస్టరులో పోయిన ఏడాది ప్రైమరీ ఇంప్రెషన్లు ఎన్ని, పళ్ళు అమర్చినవి ఎన్ని చూడు. ఆ రెండింటికీ మధ్య తేడానే నీ విజ్ఞప్తికి మొదటి వాక్యం. తర్వాత స్టోర్ బిల్లులు తీసి ఒక సెట్టుకి పట్టే సామాను ధర వేసుకో. మూడో ఏడాది పిల్లలకి పేరు రాయక్కర్లేని చీటీలిచ్చి, గత మూడు నెలల్లో రోగుల కోసం ఎంత పెట్టారు, పనిముట్లకి ఎంత పెట్టారు అని విడివిడిగా రాయించు. పేరు అడిగితే నిజం రాయరు. ఈ మూడూ దగ్గర పెట్టుకుని, సామాను ధరకి ఏడు ప్రయాణాల ఛార్జీలు, భోజనాలు చేర్చి, పదో వంతు మరమ్మతులకని పైన వేసి, ‘ఒక పూర్తి సెట్టుకి ఇంత’ అని ఒకే అంకె తేల్చు. అదే అడుగు. ఏడాది చివర ఎన్ని క్యాంపులు పెట్టామన్నది కాకుండా ఎంతమంది నోట్లో పళ్ళు అమరాయన్నది లెక్క అప్పజెప్పు.

బడి క్యాంపుల విషయంలోనూ ఇదే జాగ్రత్త. పిల్లల్ని వరసగా నిలబెట్టి చూసి, పుచ్చిపళ్ళ జాబితా రాసి, కాలేజీకి రమ్మని చీటీ ఇచ్చి పంపే క్యాంపు వల్ల పిల్లలకి ఒరిగేది తక్కువ, వాళ్ళలో చాలామంది రారు. చిన్న పుచ్చులకి అక్కడికక్కడే చేతి పనిముట్లతో శుభ్రం చేసి గ్లాస్ అయానమర్ అనే సిమెంటు నింపే ఏఆర్‌టీ పద్ధతికి డబ్బు అడుగు. దానికి కరెంటూ కంప్రెసరూ అక్కర్లేదు. డీఈవో (జిల్లా విద్యాధికారి) అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు వారం ముందే చేతికి రావాలి. ఆ రోజు పొద్దున సంతకాలు అడిగితే సగం మంది పిల్లల్ని ముట్టుకోలేం. మౌత్ మిర్రర్లు పిల్లలు ఎంతమందో అన్ని, పైన ఇరవై పట్టుకెళ్ళాలి. అక్కడ ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) ఉండదు, వేడినీళ్ళలో ముంచి తియ్యడం స్టెరిలైజేషన్ కాదు. వాడిన సూదులు, గాజుగుడ్డ, తీసిన పళ్ళు తిరిగి కాలేజీకి తెచ్చి బయోమెడికల్ వేస్టులో వెయ్యాలి, బడి చెత్తకుండీలో కాదు. అవి తెచ్చే డబ్బాలకీ సంచులకీ అయ్యే ఖర్చు కూడా అడిగేదాంట్లో చేర్చు.

నల్లగొండ వైపు ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బు) పని వేరుగా అడగదగ్గది. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదటి నివేదిక 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. ఇంటింటికీ మిషన్ భగీరథ నల్లా నీళ్ళొచ్చాక కొత్తగా పుట్టిన పిల్లలకి మేలు జరుగుతుంది కానీ, ఎనామెల్ తయారయ్యే వయసులో పాత బోరు నీళ్ళు తాగినవాళ్ళ పళ్ళ మీద గోధుమ మచ్చలు వాటంతట అవి పోవు. వాళ్ళిప్పుడు ఉద్యోగాల, పెళ్ళిళ్ళ వయసులో ఉన్నారు. ఫోటోకి నోరు మూసుకుని నిలబడే ఆడపిల్లకి మైక్రోఅబ్రేషన్‌తో (పైపొరని సన్నగా అరగదియ్యడంతో) కొంత, అవసరమైతే కాంపోజిట్ వెనీర్లతో (పంటి రంగు పదార్థపు పలచటి పొరలతో) మిగతాది సరిచెయ్యొచ్చు. దీన్ని సోకు కోసం చేసే వైద్యమని కొట్టిపారేసేవాళ్ళతో ఓపిగ్గా మాట్లాడు. ఒక హెచ్చరిక. ఏదో కంపెనీ ఉచితంగా ఇచ్చింది కదా అని ఈ ఊళ్ళలో చిన్నపిల్లలందరికీ ఫ్లోరైడ్ వార్నిష్ (పళ్ళు పుచ్చకుండా రాసే పూత) రాయొద్దు. ముందు అక్కడ తాగే నీళ్ళ పరీక్ష ఫలితం చూసి, పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ విభాగం వాళ్ళని అడుగు.

వస్తువు రూపంలో వచ్చే సాయం దగ్గర మొహమాటపడకు. డీలర్లు ఇచ్చే బాండింగ్ ఏజెంటు, కాంపోజిట్, మత్తు ఇంజెక్షన్లకి గడువు తేదీ చూసి, కనీసం ఆరునెలలు లేకపోతే ఆ నెలలో ఎంత వాడగలమో అంతే తీసుకో. డెంటల్ చెయిర్ ఎవరైనా ఇస్తామంటే ముందు ప్రిన్సిపాల్ అంగీకార పత్రం, తర్వాత స్టాక్ రిజిస్టరులో నమోదు, ఆ రెండూ అయ్యాకే కుర్చీ గేటు దాటాలి. రిజిస్టరులోకి ఎక్కని కుర్చీ చెడిపోతే బాగుచేయించే బాధ్యత ఎవరిదీ కాదు. వారంటీ అయ్యాక మూడేళ్ళ మెయింటెనెన్స్ ఒప్పందం డబ్బు కూడా అదే దాతని అడుగు. మొబైల్ వ్యాను అయితే ఇంకా గట్టిగా అడగాలి. వ్యాను మీద పేరు రాయించుకోవడానికి దాత దొరుకుతాడు, డ్రైవరు జీతానికీ డీజిల్‌కీ ఇన్సూరెన్సుకీ దొరకడు. అయిదేళ్ళ నడిపే ఖర్చు రాతలో లేకుండా వ్యాను తీసుకోవద్దు.

విద్యార్థి సాయంలో అన్నిటికంటే బరువైన సమయం మూడో ఏడాది మొదలు. క్లినిక్‌లోకి అడుగుపెట్టేటప్పుడు ఎయిరోటర్ హ్యాండ్‌పీసు (పన్ను తొలిచేది), ఇంప్రెషన్ ట్రేలు, ఆర్టిక్యులేటరు (దవడల కదలిక చూపే చట్రం), స్కేలర్లు (గార తీసేవి), ఫిల్లింగ్ పనిముట్లు అన్నీ ఒకేసారి కొనాలి. సీనియర్లు ఇంటర్న్‌షిప్ ముగించి వెళ్ళేటప్పుడు పనిముట్లు అప్పగించే ‘బ్యాంకు’ ఒకటి పెట్టు. ట్రేలు, ఆర్టిక్యులేటర్లు ఏళ్ళ తరబడి పనికొస్తాయి. హ్యాండ్‌పీసు అలా కాదు, లోపలి బేరింగులు అరిగిపోతాయి. దాన్ని తీసుకోగానే ఆ బేరింగులుండే కాట్రిడ్జి మార్పించి, నూనె వేసి, ఆటోక్లేవ్ చేసి ఇవ్వాలి. నిధిలో కొంత కాట్రిడ్జిలకే కేటాయించు.

డబ్బు సాయం మార్కుల మీద మాత్రమే పెట్టకు. బాగా చదివేవాళ్ళకి ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక సబ్జెక్టు పోయి ఆరునెలలు ఆగిపోయిన పిల్లకి హాస్టలు బిల్లు ఆగదు, స్కాలర్‌షిప్ రెన్యువల్ చిక్కులో పడుతుంది, ఇంట్లో చెప్పుకోలేదు. చదువు మానేసేది అలాంటివాళ్ళే. ఫీజు రీయింబర్స్‌మెంటు ఆలస్యమైన ఏడాది తాత్కాలిక అప్పుగా ఇచ్చి, వచ్చాక తిరిగి కట్టించుకునే పద్దు వేరుగా ఉంచు. మెస్ బిల్లు నేరుగా హాస్టలుకే కట్టు. ఎంపిక ముగ్గురు చెయ్యాలి, అందులో దాత ఉండకూడదు. సాయం పొందిన పిల్లని వేదిక మీదకి పిలిచి చెక్కు ఇప్పించడం, ఫోటో గ్రూపులో పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. రోగుల ఫోటోలకీ అంతే, రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఒక్కటీ బయటికి వెళ్ళకూడదు.

ఇక అడగడం. గ్రూపులో అందర్నీ కలిపి అడిగితే ఎవరూ తనని అడిగినట్టు అనుకోరు. బ్యాచికి ఒకరిని పట్టుకో, ఆ మనిషి ముందు తాను ఇచ్చి, తర్వాత తన బ్యాచివాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యాలి. ఇరవై అయిదేళ్ళ కలయిక జరుపుకునే బ్యాచిని కనీసం ఎనిమిది నెలల ముందు కలువు. హోటలూ శాలువాల బడ్జెట్టు ఖరారయ్యాక వెళితే మిగిలేది ఉండదు. నిజంగా నిలబెట్టేది మాత్రం నెలవారీ చందా. వందమంది నెలకి 500 ఇస్తే ఏడాదికి ఆరు లక్షలు. యూపీఐ ఆటోపే పెట్టించి, ప్రతినెలా ఏవి ఆగిపోయాయో చూడాలి. ఖాతా మారినా, ఆటోపే గడువు తీరినా చందా చప్పుడు లేకుండా ఆగిపోతుంది, దాత ఇస్తూనే ఉన్నాననుకుంటాడు. శాశ్వత నిధి గురించి కొందరు ఉత్సాహపడతారు. పది లక్షల డిపాజిట్టు మీద ఏడు శాతం వడ్డీ వచ్చినా ఏడాదికి 70 వేలే అని చెప్పి, దానికిచ్చే డబ్బు కార్పస్ (కదపకుండా ఉంచే మూలధనం) కోసమేనని దాత చేత రాయించుకో.

పన్ను సంగతులు. విరాళాలకి పన్ను మినహాయింపు ఇచ్చే 80జీ (పాత చట్టంలోని సెక్షన్ నంబరు) కింద దాత ఆదాయంలోంచి సాధారణంగా ఇచ్చినదాంట్లో సగం మినహాయింపు, దానికీ పరిమితి ఉంది. రెండువేలు దాటిన నగదుకి, వస్తువులకి అసలు లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకి కూడా లేదు, కుర్రవాళ్ళలో చాలామంది అందులోనే ఉన్నారు. కాబట్టి పన్ను కలిసొస్తుందని ముందు మాటగా అడగొద్దు. ప్రతి దాత పాన్ నంబరు రసీదు రాసేటప్పుడే తీసుకో. మే 31లోగా 10బీడీ (దాతల వివరాల ఫారం) దాఖలు చేస్తేనే దాతకిచ్చే 10బీఈ సర్టిఫికెట్టు వస్తుంది. ఆలస్యానికి రోజుకి 200 రుసుము పడుతూ వచ్చింది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి అందులో సెక్షన్ల, ఫారాల నంబర్లు వేరు. రసీదు పుస్తకాలు అచ్చువేయించే ముందు ఆడిటరుకి చూపించు. వచ్చినదాంట్లో 85 శాతం ఆ ఏడాదే ఖర్చుచెయ్యాలన్న నిబంధన వల్ల మార్చి నెలాఖరులో పెద్ద మొత్తం వస్తే వెంటనే ఆయన్ని కలువు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళ దగ్గర పొరపాటు జరిగితే సంఘానికే ముప్పు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న మనిషి తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు కాపీ, ఒక సంతకపు ప్రకటన దాచుకో. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ దాతలే. అక్కడి సంస్థలు కూడా అంతే. వాళ్ళ డబ్బుకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. నమోదుకి సంఘం మూడేళ్ళుగా పనిచేస్తూ ఉండాలి, ఆ మూడేళ్ళలో పదిహేను లక్షలు అసలు పనికి ఖర్చుపెట్టి ఉండాలి. నమోదున్న వేరే సంస్థ తీసుకుని మనకి మళ్ళించడం 2020 సవరణ తర్వాత కుదరదు. “నాన్న ఖాతాకి పంపి ఆయన పేరున ఇప్పిస్తాను” అని ఎవరైనా ప్రేమగా అంటే అంతే ప్రేమగా వద్దని చెప్పు.

కంపెనీల సీఎస్‌ఆర్ (సమాజ సేవకి పెట్టే డబ్బు) కావాలంటే దానికోసం సీఎస్‌ఆర్-1 నమోదు, సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపునిచ్చే 12ఏ నమోదు, 80జీ, మూడేళ్ళ పని రికార్డు ఉండాలి. జనవరిలో మాట్లాడితే రాబోయే ఏడాది బడ్జెట్టులో చోటు దొరుకుతుంది. గుట్కా, జర్దా, సిగరెట్ వ్యాపారుల డబ్బు ఎంతైనా తీసుకోవద్దు. ఓరల్ మెడిసిన్ ఓపీలో నోరు తెరవలేక కూర్చున్న ఫైబ్రోసిస్ (నోటి లోపలి పొర గట్టిపడే జబ్బు) రోగుల్లో ఎక్కువమంది వక్క ఉన్న గుట్కాలాంటివి నమిలి వచ్చినవాళ్ళే.

ముందు ప్రోస్తో రిజిస్టరు చూసి, పిల్లల చీటీలు తెప్పించు. ఆ తర్వాత రెండు పేజీల విజ్ఞప్తి రాసి నాకు పంపు, ఎవరికీ పంపకముందే. సెట్టు ఖర్చు లెక్కకి స్టోర్ బిల్లుల కాపీలు కూడా జతచెయ్యి, అంకెలు కలిసి చూద్దాం. మొదటి ఫోన్లు ప్రపంచ నోటి ఆరోగ్య దినం, మార్చి 20కి ముందే మొదలైతే మంచిది. ఆర్థిక సంవత్సరం చివర కాబట్టి పాత పన్ను విధానంలో ఉన్న సీనియర్లు మార్చి చివరి పది రోజుల్లోనే ఇస్తారు.

ఇట్లు
మీ మాస్టారు