అర అంగుళం సాకెట్, 12 మిల్లీమీటర్ల బోల్టు

అమెరికా ఇంకా మెట్రిక్ పద్ధతికి ఎందుకు మారలేదు, మారితే నష్టమేంటి అని అడిగారు. నన్నడిగితే అమెరికా ఎప్పుడో మారింది, కాకపోతే సగమే. ఇక్కడుండే మా అవస్థంతా ఆ సగం వల్లే.

అరిజోనాకి వచ్చిన కొత్తలో, నాలుగు డాలర్లు మిగులుతాయని కారు బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చబోయాను. జపాన్ కంపెనీ కారు. పక్కింటి పెద్దాయన బోల్టు తలకి తొడిగి తిప్పే తన సాకెట్ సెట్ ఇచ్చాడు, అన్నీ అంగుళాలవే. ప్యాడ్లని పట్టి ఉంచే క్యాలిపర్ బోల్టు తలేమో 12 మిల్లీమీటర్లు. అర అంగుళం సాకెట్ పెడితే ఎక్కింది. ఎక్కింది కదా అని బలమంతా పెట్టి తిప్పాను. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. ఆ 0.7 చాలింది. సాకెట్ జారి బోల్టు మూలలు అరిగిపోయాయి, నా వేళ్ల కణుపులు బ్రేక్ డిస్క్‌కి కొట్టుకుని తోలు లేచింది. పెద్దాయన వచ్చి చూసి, "దాదాపు సరిపోయిందే!" అన్నాడు. చివరికి మెకానిక్‌ని పిలిస్తే ఆ ఒక్క బోల్టు తీసినందుకు ప్యాడ్ల ఖరీదు కంటే ఎక్కువే అయింది.

అసలు ఆ సైజులేంటండీ! 7/16 పెద్దదా, 3/8 పెద్దదా అని చక్రం ముందు కూర్చుని క.సా.గు. లెక్కలు వేసుకోవాలి.

1975లో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన మెట్రిక్ చట్టం "ఇష్టముంటేనే మారండి" అన్న రకం. దాన్ని నడిపించాల్సిన బోర్డును 1982లో రీగన్ ఎత్తేశాడు. ఇష్టముంటే హోంవర్క్ చెయ్యండి అంటే మా పిల్లలే చెయ్యరు, ఇక దేశమెక్కడ మారుతుంది? ఇక్కడ టూసాన్ నుంచి నొగాలెస్ వెళ్లే ఐ-19 హైవే మీద దూరాలు కిలోమీటర్లలో, స్పీడ్ లిమిట్ మైళ్లలో. ఎంతసేపట్లో చేరతామో నోటిలెక్కన చెప్పండి చూద్దాం.

జనానికి అలవాటు కాదంటారు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు కొంటున్నది ఎవరు మరి? ఆ పక్క అరలో పాలు మాత్రం గ్యాలన్లలో. ఖర్చంటారు. ప్రతి మెకానిక్కూ రెండు సెట్ల పనిముట్లు కొనుక్కోవడం ఖర్చు కాదా?

అంగుళాలూ పౌండ్లూ అన్నీ రేపే తీసేసినా నాకు అభ్యంతరం లేదు. ఫారెన్‌హీట్ జోలికి మాత్రం వెళ్లకండి. ఇక్కడి ఎండకి 110 అంటేనే తగ్గట్టుంటుంది. 43 అంటే ఎవరికి జాలేస్తుంది?