గుమాస్తా పని బయటికిస్తున్నావటగా, అమ్మా

అమ్మడూ,

పర్లాకిమిడి నుంచి బాబాయిని రాస్తున్నాను. బరంపురంలో నీ వకీలు ఆఫీసుకి గుమాస్తాని పెట్టుకోకుండా ఆ పనంతా ఫ్రీలాన్సర్లకి పంచుతున్నావని అమ్మగారు ఫోన్లో చెప్పారు. టైపింగు ఒకరికి, బిల్లులు ఒకరికి, వాయిదాల క్యాలెండరు ఇంకొకరికి, పాత దస్తావేజుల అనువాదం హైదరాబాదులో ఎవరికో. విన్నప్పుడు కాస్త గుచ్చుకుంది, దాచడం ఎందుకు. జీవితమంతా నేను చేసిన పని నలుగురికి ముక్కలు చేసి గంటల లెక్కన ఇచ్చేస్తోందే అనిపించింది. తర్వాత కూర్చుని ఆలోచిస్తే, కొత్తగా ప్రాక్టీసు పెట్టిన పిల్ల ఒక మనిషికి నెలనెలా జీతం ఎక్కణ్ణించి తెస్తుంది? వకీలుగా మీ నాన్నగారు నన్ను గుమాస్తాగా పెట్టుకున్న కొత్తలో, కేసు ఇచ్చిన పార్టీ ఫీజు ఇచ్చిన రోజే నాకు జీతం రోజు. నువ్వు ఆ బాధ లేకుండా దారి వెతుక్కున్నావు, భేష్. సొంతంగా బోర్డు పెట్టావని ఇక్కడ వకీళ్ళ బార్‌లో అందరికీ చెప్పుకుని తిరుగుతున్నాను కూడా.

నీకు తెలిసినవే ముందు చెప్పేస్తాను. చిన్న పని ఇచ్చి చూసి పెద్ద పని ఇవ్వు. రేటు కాగితం మీద పెట్టు. పార్టీ నీకు ఇచ్చినా ఇవ్వకపోయినా వాళ్ళకి అన్న రోజున డబ్బు ఇచ్చెయ్. ఈ-ఫైలింగ్ లాగిన్, ఓటీపీ ఎవరికీ ఇవ్వకు. పార్టీలు నీ దగ్గర ఉంచిన డబ్బు లెక్క మాత్రం నువ్వే రాయి, బార్ కౌన్సిల్ అడిగేది నిన్ను, బిల్లులు చేసే అబ్బాయిని కాదు. ఇంకొకటి, ఈ పిల్లల్లో ఎవరో 'మేడమ్, ఇన్‌స్టాగ్రామ్ కూడా చూసుకుంటాం, క్లయింట్లని తెస్తాం' అన్నారట. ఆ మాట అన్నవాణ్ణి అక్కడే ఆపు. బార్ కౌన్సిల్ రూల్ 36 ఒకసారి తీసి చదువు తల్లీ, వకీలు పని కోసం ప్రచారం చేసుకోకూడదు, వేరేవాళ్ళ చేత చేయించుకోకూడదు కూడా.

వాయిదాల దగ్గర మాత్రం నాకు నిద్ర పట్టదు. ఫోను మోగి గుర్తు చేస్తుంది సరే, అందులో తేదీ ఎక్కించింది ఎవరు? జవాబు దావాకి 30 రోజులు, కారణం చూపిస్తే 90 దాకా. జిల్లా కోర్టు అప్పీలుకి 30, కటకం హైకోర్టుకి 90, అందులో నకలు కాపీకి పట్టిన రోజులు తీసెయ్యాలి. చెక్ బౌన్స్ అయితే బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక 15 రోజులు ఆగాలి, ఆ తర్వాత నెలలోపు కేసు. ఈ లెక్కలు ఎక్కడో కూర్చున్న పిల్లవాడికి వదిలేస్తావా? వాడు క్యాలెండరు చూసుకోనీ, నువ్వు మాత్రం చేత్తో రాసిన డైరీ ఒకటి పెట్టుకో. రాత్రి పడుకునే ముందు మర్నాటి పేజీ చూసుకో. నవ్వుతావని తెలుసు, నవ్వు.

ఇక హైదరాబాదు అనువాదం సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడకముందు మనది మద్రాసు వైపు గంజాం జిల్లా, అందుకే మన దగ్గర పాత దస్తావేజులు తెలుగులో ఉంటాయి, నువ్వు కోర్టులో వెయ్యాల్సింది ఒడియాలోనో ఇంగ్లీషులోనో. హైదరాబాదు మనిషికి తెలుగు వచ్చు కానీ భూమి కొలతలో మన గుంట రాదు. వాళ్ళకి ఎకరానికి 40 గుంటలు, ఒడిశా లెక్కలో ఎకరానికి 25. వాడు మంచి మనసుతోనే గుంటల్ని సెంట్లలోకి మార్చి పంపిస్తాడు, నీ ఆస్తి షెడ్యూలులో భూమి తరిగిపోతుంది, అవతలి వకీలు అది పట్టుకుని కూర్చుంటాడు. పోనీ ఇక్కడి మనిషినే పెట్టుకుందామంటే వాడికి గుంట తెలుసు, కానీ వాడికి ఊరంతా కూడా తెలుసు. నా అసలు భయం ఇక్కడే ఉంది. నాన్నగారు నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను.

నువ్వు పుట్టకముందు. ఒకావిడ, భర్త పోయారు, మరుదులతో పంపకాల దావా. ఇల్లూ, సగం కొబ్బరితోటా ఇచ్చి రాజీ పడదామని అవతలివాళ్ళు దాదాపు ఒప్పుకునే దాకా వచ్చారు. ఆ వారం మా టైపు మిషన్ రిపేరుకి వెళ్ళింది. కోర్టు బయట చెట్టు కింద బల్ల వేసుకుని టైపు చేసే ఆయన ఉండేవాడు, చాలా మంచివాడు, తప్పులు లేకుండా కొట్టేవాడు, బార్‌లో సగం మందికి ఆయనే. నాన్నగారు రాజీ పిటిషన్ చిత్తు ఆయనకి పంపారు. ఆ చిత్తు అంచున పెన్సిల్‌తో నాన్నగారు తన కోసం రాసుకున్న ముక్క అలాగే ఉండిపోయింది. 'ఇల్లు దక్కితే చాలు, తోట వదులుకుంటానంటోంది' అని. పార్టీ ఏడుస్తూ చెప్పిన మాట అది, వకీలుకి తప్ప ఎవరికీ తెలియకూడని మాట. ఆ బల్ల దగ్గరికే అవతలి వకీలు గుమాస్తా కూడా వచ్చేవాడు, తన కాగితాల కోసం. ఎవరూ దొంగిలించలేదమ్మా, ఎవరూ లంచం తీసుకోలేదు. కాగితం బల్ల మీద పైనే ఉంది, వాడికి చదవడం వచ్చు, అంతే. తర్వాత వాయిదాకి అవతలివాళ్ళు ఇల్లు మాత్రమే ఇస్తామని బిగుసుకున్నారు. ఆవిడ ఒప్పేసుకుంది. టైపు చేసినాయన పాపం ఆ పెన్సిల్ మాట కూడా చివర పిటిషన్లో కలపాలా అని మమ్మల్నే అడిగాడు, అప్పుడు అర్థమైంది నాన్నగారికి.

ఆయన మిగతా ఫీజు వదిలేశారు, ఎందుకో చెప్పలేదు. దేవుడి లాంటి ప్లీడరుగారని ఆవిడ ఊరంతా చెప్పింది. ఆ దసరాకి కొబ్బరికాయలు తెచ్చి ఇచ్చింది, బజార్లో కొని. నాన్నగారు వాటిని ఇంట్లోకి పంపలేదు, నన్ను తీసుకెళ్ళమన్నారు. నేనూ తీసుకెళ్ళలేకపోయాను. ఆ తర్వాత టైపు మిషన్ ఎన్నిసార్లు చెడినా కాగితం బయటికి వెళ్ళలేదు, రాత్రుళ్ళు చేత్తో రాసేవాళ్ళం.

నువ్వు అలా చెయ్యక్కర్లేదు. పని బయటికి ఇవ్వు, పెన్సిల్ రాత ఇవ్వకు. ఎవరికి ఎంత కావాలో అంతే పంపు. బిల్లులు చేసేవాడికి ఫైలు నంబరూ, తేదీలూ చాలు, పార్టీ గోడు ఎందుకు? డ్రైవ్‌లో మొత్తం ఫోల్డరు తెరిచి అందరికీ లింకు ఇచ్చేశావని విన్నాను, ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు అది ముయ్యి. పార్టీల పేర్లతో సహా కాగితాన్ని చాట్‌బాట్‌లో పోసి సారాంశం తీయొద్దని కూడా చెప్పు, ఈ కాలం పిల్లలు అడక్కుండానే చేసేస్తున్నారట. అన్నిటికన్నా ముందు ఒక్కొక్కరినీ మొహమాటం లేకుండా అడుగు, నీ పనే కాకుండా ఇంకెవరికి చేస్తున్నావు అని. బరంపురం కోర్టులో పని చేసే ఇంకో వకీలు పేరు చెప్తే, ఆ వకీలు ఎదురుగా నువ్వున్న కేసుల కాగితం ఒక్కటి కూడా ఆ మనిషికి వెళ్ళకూడదు.

కాగితం రాయించుకో. ఎందుకంటే నేను చేరిన రోజున నాన్నగారు సాక్ష్య చట్టం తీసి 126, 127 సెక్షన్లు చదివి వినిపించారు. పార్టీ వకీలుకి చెప్పిన మాట బయటపెట్టకూడదన్నది గుమాస్తాకీ వర్తిస్తుందని చట్టంలోనే ఉంది. టీ తెచ్చే కుర్రాడిలా వచ్చినవాణ్ణి, చట్టంలో నాకూ ఒక చోటు ఉందని తెలిసి ఆ రోజు ఛాతీ పొంగింది. ఇప్పుడది భారతీయ సాక్ష్య అధినియంలో 132 అయింది, 2024 జూలై 1 నుంచి. అందులో దుభాషీలు, వకీళ్ళ గుమాస్తాలు, ఉద్యోగులు అని ఉంది. గంటల లెక్కన వచ్చేవాడు ఉద్యోగి అవుతాడో కాడో వాదించుకునే స్థితి నీకు రాకూడదు. అందుకే రహస్యం కాపాడతానని, పని అయ్యాక కాపీలు చెరిపేస్తానని, వేరేవాళ్ళ చేతికి పని మార్చనని సంతకం తీసుకో. సంతకం పెట్టను అన్నవాడు ఎంత చవకైనా వద్దు.

ఆ ఒప్పందం చిత్తు నాకు చూపించు. పాత దస్తావేజులు మాత్రం ఎవరికీ పంపకు, ఆదివారం వచ్చినప్పుడు పట్టుకురా, నేను చదివి పెడతాను. నాకూ గంటల లెక్కనే ఇవ్వు, బాబాయి కదా అని ఎగ్గొట్టకు. సంతకం ఎక్కడ పెట్టాలో అక్కడ పెడతాను.

మీ బాబాయి