హెల్త్‌లైన్‌ని కొలవడానికి బయల్దేరే ముందు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

సెమిస్టర్ ప్రాజెక్టుకు అమెరికాలోని క్లీవ్‌లాండ్ ఊళ్లో తిరిగే హెల్త్‌లైన్ బస్సుని ఎంచుకున్నావని తెలిసి సంతోషమేసింది. మంచి లైను పట్టావు. కాకపోతే నువ్వు పంపిన ప్లానులో మొదటి నెలంతా రిపోర్టులు చదవడమే ఉంది. దాన్ని వెనక్కి జరుపు. ముందు స్టాప్‌వాచ్ పట్టుకుని బస్సెక్కు. ఒక ట్రిప్పుకి పట్టే నిమిషాలు ఎక్కడెక్కడ ఖర్చవుతున్నాయో నీ చేత్తో రాసుకున్న తర్వాత ఏ రిపోర్టు చదివినా అందులో ఏది గట్టిదో ఏది తాలో నీకే తెలుస్తుంది.

లైను సంగతి నీకు తెలిసిందే కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. 2008 అక్టోబరులో మొదలైంది. పబ్లిక్ స్క్వేర్ నుంచి యూక్లిడ్ అవెన్యూ మీదుగా ఈస్ట్ క్లీవ్‌లాండ్‌లోని విండర్‌మియర్ దాకా సుమారు 7 మైళ్లు. అంతకు ముందు ఆ రోడ్డు మీద 6వ నంబరు బస్సు తిరిగేది. దాని ఆపుల్ని బాగా తగ్గించి, చాలా దూరం రోడ్డు నడిమధ్య బస్సుకు సొంత దారి వేసి, రెండు పక్కలా తలుపులున్న 60 అడుగుల బస్సులు తెచ్చారు. హైదరాబాదులో వెస్టిబ్యూల్ బస్సులనేవాళ్లమే, మధ్యలో మడత ఉండేవి, ఆ రకం. క్లీవ్‌లాండ్ క్లినిక్, యూనివర్సిటీ హాస్పిటల్స్ అనే రెండు ఆసుపత్రి సంస్థలు కలిసి డబ్బు కట్టి పేరు పెట్టించుకున్నాయి కాబట్టి హెల్త్‌లైన్ అయింది. 2013లో ఇలా సొంత దారి ఉన్న బస్సు లైన్లకు ఐటీడీపీ అనే సంస్థ ఇచ్చిన గ్రేడుల్లో అమెరికాలో సిల్వర్ దక్కింది దీనికొక్కదానికే. ఆ గ్రేడు చూసి మురిసిపోయి కొలవడం మానెయ్యకు.

ఇక లెక్కలు రాసుకునే కాగితం. అడ్డంగా తిప్పి ఎనిమిది గడులు గియ్యి: స్టేషను పేరు, చక్రం ఆగిన టైము, తలుపు తెరిచిన టైము, తలుపు మూసిన టైము, చక్రం కదిలిన టైము, ఎక్కినవాళ్లు, దిగినవాళ్లు, ఆలస్యానికి కారణం. ఇందులో ప్రాణమంతా తలుపు మూయడానికీ చక్రం కదలడానికీ మధ్య ఉన్న తేడాలో ఉంది. కొత్తవాళ్లు బస్సు ఆగిన సమయాన్నంతా స్టేషను ఖాతాలో వేస్తారు. తలుపులు మూసుకున్నాక కూడా బస్సు కదలకపోతే అది ప్రయాణికుల ఆలస్యం కాదు, ఎదుట ఎర్రలైటుది. స్టేషన్ల మధ్య సిగ్నల్ దగ్గర ఆగితే దానికి వేరే వరస రాయి, వీధి పేరుతో సహా.

ఎందుకింత పట్టుపడుతున్నానో ఒక లెక్కతో చూపిస్తాను. ఇవి ఉదాహరణకు వేసుకున్న అంకెలు, హెల్త్‌లైన్‌వి కావు. 7 మైళ్లకు 40 నిమిషాలు పట్టిందనుకో. ఎక్కడా ఆగకుండా గంటకు 25 మైళ్ల వేగంతో పోతే 17 నిమిషాలు చాలు. 30 చోట్ల ఆగి, ఒక్కోచోట 20 సెకన్లు తలుపులు తెరిచి ఉంచితే 10 నిమిషాలు. బ్రేకు వేసి, మళ్లీ వేగం అందుకోవడంలో ఆపుకు 11 సెకన్ల చొప్పున ఇంకో ఐదున్నర నిమిషాలు. మిగిలిన ఏడున్నర నిమిషాలు సిగ్నళ్లవి. ఇలా విడదీశాక ఆపుకు 5 సెకన్లు తగ్గిస్తే ఎంత మిగులుతుందో, సిగ్నళ్లు సగం సర్దితే ఎంత మిగులుతుందో పక్కపక్కన పెట్టి చెప్పగలవు. మొత్తం 40 అని రాస్తే ఏమీ చెప్పలేవు.

తలుపుల దగ్గర టికెట్ ఎలా తీసుకుంటున్నారో తప్పకుండా రాయి. మొదట్లో స్టేషన్లోని మెషీనులో టికెట్ కొని ఏ తలుపులోంచైనా ఎక్కేవాళ్లు, పోలీసులు మధ్యలో తనిఖీ చేసేవాళ్లు. అనుమానించడానికి కారణం లేకుండా పోలీసులు అలా టికెట్ అడగడం రాజ్యాంగ విరుద్ధమని 2017లో అక్కడి మున్సిపల్ కోర్టు జడ్జి తీర్పిచ్చారు. ఆ తర్వాత ముందు తలుపు దగ్గర డ్రైవరు ఎదుటే చెల్లించే పద్ధతి వచ్చింది. కోర్టులో తేలిన విషయం బస్సు తలుపు దగ్గర సెకన్లయి కూర్చుంది చూడు. ఒక మనిషి డబ్బులు వేసి ఎక్కితే నాలుగైదు సెకన్లు, టికెట్ ముందే ఉంటే రెండున్నర, మూడు. పది మంది ఒకే తలుపు దగ్గర డబ్బులేసుకుంటూ ఎక్కితే ముప్పావు నిమిషం. అదే పది మంది టికెట్‌తో మూడు తలుపుల్లో చీలితే పది సెకన్ల పని. నువ్వు ఎక్కిన రోజున ఏ పద్ధతి నడుస్తోందో కాగితం నెత్తిన రాసి పెట్టుకో. ఎన్ని తలుపులు తెరిచారో కూడా.

సిగ్నళ్ల దగ్గర ఇంకొంచెం ఓపిక కావాలి. బస్సుకు ప్రాధాన్యం అంటే అంబులెన్సుకు లాగా లైటు ఠక్కున మారిపోవడం కాదు. బస్సు వస్తోందని సిగ్నల్‌కి తెలిస్తే పచ్చలైటుని కొన్ని సెకన్లు పొడిగిస్తుంది, లేదా ఎర్రలైటుని కొన్ని సెకన్లు కుదిస్తుంది, అంతే. ఎంత కుదించాలన్నా రోడ్డు దాటే మనిషి దగ్గర ఆగిపోవాలి. నడకకు సెకనుకు మూడున్నర అడుగులు అని అమెరికా లెక్క. 84 అడుగుల రోడ్డయితే 24 సెకన్లు ముట్టుకోకూడదు. యూక్లిడ్ మీద ఈ పరికరాలు పెట్టినా పూర్తిగా వాడుకోలేదని విమర్శ ఉంది. నువ్వు దాన్ని నమ్మనూ వద్దు, కొట్టిపారెయ్యనూ వద్దు. ఒకే కూడలిలో, ఒకే గంటలో, పది బస్సుల్ని బయట నిలబడి చూడు. బస్సు దగ్గరికి వచ్చినప్పుడు పచ్చ ఎంతసేపు ఉంది, బస్సు లేనప్పుడు ఎంతసేపు ఉంది? రెండూ ఒకటే అయితే ప్రాధాన్యం అక్కడ పని చెయ్యట్లేదని దాదాపు తేల్చుకోవచ్చు.

స్టేషను కూడలికి ఇవతల ఉందా అవతల ఉందా అన్నది కూడా చూడు. ఇవతల ఉంటే బస్సు పచ్చలైటు తెప్పించుకుని, ఆ పచ్చ వెలిగినంతసేపూ తలుపులు తెరుచుకుని నిలబడుతుంది. జనం ఎక్కేసరికి ఎర్ర. అవతల ఉంటే ముందు కూడలి దాటేసి తీరిగ్గా ఆగుతుంది. ఇంకో చిక్కు ఎడమ మలుపు కార్లది. బస్సు దారి రోడ్డు మధ్యలో ఉంది కనక ఎడమకు తిరిగే కారు ఆ దారిని అడ్డంగా కోసుకుపోవాలి. అందుకని వాళ్లకు విడిగా బాణం లైటు ఇవ్వాలి. బాణాలు పెరిగిన కొద్దీ లైట్లన్నీ ఒక చుట్టు తిరిగి రావడానికి పట్టే సమయం పొడుగవుతుంది, ఆ పొడుగంతా బస్సు కాచుకోవాల్సిందే.

యూనివర్సిటీ సర్కిల్ అనే పేట దాటాక లైను స్వభావం మారుతుంది, బస్సు రోడ్డు అంచుకు వస్తుంది. అక్కడ అడ్డంగా ఆపిన కార్లు, కుడికి తిరిగేవాళ్లు ఎన్నిసార్లు ఆపారో వేరుగా లెక్కపెట్టు. ఈ రెండు ముక్కల సగటు వేగాన్ని కలిపి ఒక్క అంకెగా రాస్తే నీ ప్రొఫెసరుగారు తప్పక పట్టుకుంటారు.

ప్లాట్‌ఫామ్‌కీ బస్సుకీ మధ్య సందు కొలవడానికి చెయ్యి, స్కేలు అందులో పెట్టకు. పక్కనుంచి ఫోటో తీసుకో, తెలిసిన కొలత ఏదైనా అందులో పడేలా. సందు రెండంగుళాలైతే వీల్‌చైర్ ముందు చక్రం సులువుగా దాటుతుంది. ఆరంగుళాలైతే డ్రైవరు పలక వేయాలి, అక్కడ నిమిషం పోతుంది. సందు ఎందుకు పెరుగుతుందంటే, టైరు అంచుకు రాసుకుంటుందని డ్రైవరు దూరంగా ఆపుతాడు. మంచు కాలంలో అంచున పేరుకున్న గడ్డలు ఇంకా దూరం నెడతాయి. ఖాళీగానే ఇరవై టన్నులుండే బస్సు రోజూ ఒకేచోట బ్రేకు వేస్తే తారు రోడ్డు గాడి పడుతుంది కూడా. కాంక్రీటు పోశారా, తారు పోశారా అన్నది గమనించు.

బస్సుకీ బస్సుకీ మధ్య ఎడం కొలవడానికి ఒకే స్టేషన్లో రెండు గంటలు కూర్చో. పది నిమిషాలకొకటి సమంగా వస్తే సగటు నిరీక్షణ ఐదు నిమిషాలు. అవే బస్సులు 2 నిమిషాలు, 18 నిమిషాల ఎడంతో వస్తే 8.2 అవుతుంది. ఎలాగంటే రెండు ఎడాలకూ వర్గాలు కట్టి కూడు, 328. దాన్ని రెండు ఎడాల మొత్తానికి రెట్టింపుతో, అంటే 40తో భాగించు. టైంటేబుల్లో రెండూ పది నిమిషాల బస్సులే. చలిలో నిలబడ్డ మనిషికి మాత్రం ఒకటి కాదు.

విండర్‌మియర్ నుంచి ఒకసారి రెడ్ లైన్ రైల్లో టవర్ సిటీకి రా. పబ్లిక్ స్క్వేర్ పక్కనే దిగుతావు. రైలు తొందరగా తెస్తుంది. అయినా బస్సు ఖాళీగా ఉండదు, ఎందుకంటే ఎక్కువమంది వెళ్లేది చివరినుంచి చివరికి కాదు, మధ్యలో ఉన్న ఆసుపత్రికో కాలేజీకో. కాబట్టి జనం ఏ రెండు స్టేషన్ల మధ్య ఎక్కువ తిరుగుతున్నారో ఆ ముక్కకే ప్రయాణ కాలం విడిగా చూపించు.

పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఒక్కోదానికి కనీసం మూడు రానుపోను ట్రిప్పులు వెయ్యి. రాత్రంతా నడిచే లైను కనక పది దాటాక కూడా ఒకటి ఉండాలి. దానికి మాత్రం ఒంటరిగా వెళ్లకు, క్లాస్‌మేట్‌ని తీసుకెళ్లు. మామూలు ట్రిప్పులకైనా ఇద్దరుంటేనే ఎక్కేవాళ్లనీ దిగేవాళ్లనీ సరిగ్గా లెక్కపెట్టగలరు. బాల్‌పెన్ వద్దు, బయటి చలికి సిరా చిక్కబడి సరిగ్గా పారదు, పెన్సిలు పెట్టుకో. రోజు పాసు కొనుక్కో. జనం మొహాలు ఫోటోల్లో పడనివ్వకు, బస్సు నడుస్తుండగా డ్రైవరుని పలకరించకు.

ఈ శనివారం లెక్కలోకి తీసుకోకుండా ఒక ట్రిప్పు తిరిగి, ఆ కాగితం ఫోటో తీసి పంపు. ఏ గడి ఇరుకైందో చూసి చెప్తాను, సోమవారానికి కొత్తది గీసుకుందువుగాని.

ఇట్లు,
మీ పెదనాన్న