డిస్కో రాత్రికి వెళ్తున్న మేనకోడలికి

నెల్లూరు

చిరంజీవి అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. శనివారం ఫ్రెండ్స్‌తో మద్రాసులో రెట్రో నైట్‌కు పోతున్నావని, అక్కడ పాత డిస్కో, ఫంక్ పాటలే వేస్తారని, అందులో ఒక్కటీ తెలియదని టెన్షన్ పడుతూ మెసేజ్ పెట్టావు. ట్రంకు రోడ్డులో క్యాసెట్ల రికార్డింగ్ షాపు నడిపినవాణ్ణి కాబట్టి నన్నడగడం సబబే. ఫోన్లో చెబుదామంటే మీ అత్త మధ్యలో దూరి పెళ్లి సంబంధాల సంగతి ఎత్తుతుంది. అందుకే రాస్తున్నా.

ముందు ఒక అలవాటు పక్కన పెట్టు. పాట అనగానే మనం మాటలు వింటాం. పల్లవి ఎలా ఎత్తుకున్నారు, చరణంలో బాలుగారు ఎక్కడ నవ్వారు, ఇదే ధ్యాస. ఆయన మన జిల్లా మనిషి కావడంతో నెల్లూరోళ్లకు ఈ జబ్బు కాస్త ఎక్కువే. డిస్కో, ఫంక్ పాటల్ని అలా వింటే నీకు పెద్దగా ఏమీ దొరకదు. కొన్నింట్లో పాట మొత్తానికీ నాలుగు ముక్కలే ఉంటాయి, అవి కూడా ‘ఆడదాం రా’ అనే తరహావే. వీటిని కింద నుంచి వినాలి. బేస్ గిటారు, అంటే లావు తీగలతో అడుగు స్వరాలు పలికే గిటారు, ఏం చేస్తోందో పట్టుకున్నావంటే ఒళ్లు దానంతటదే కదులుతుంది.

షిక్ అనే న్యూయార్క్ బ్యాండు 1979లో చేసిన ‘గుడ్ టైమ్స్’తో మొదలుపెట్టు. అందులో బేస్ వాయించింది బెర్నార్డ్ ఎడ్వర్డ్స్. ఆ బేస్ వరస ఎంత పాకిందంటే, అదే ఏడాది దాని మీదే ‘రాపర్స్ డిలైట్’ కట్టారు, ర్యాప్ అనేది ఊరూరికీ తెలిసింది ఆ పాటతోనే. ఫోన్ స్పీకర్లో వినొద్దు, అందులో బేస్ పలకదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, గొంతుల్ని వదిలేసి, బేస్ ఒక్కదాని వెంటే చివరిదాకా పో. శనివారం లోపు ఈ ఒక్క పాట ఇలా వింటే చాలు. యాభై పాటల లిస్టు పెట్టుకుని పరీక్షకు చదివినట్టు చదవొద్దు.

డిస్కోలో డ్రమ్ము దెబ్బలు నాలుగూ సమానంగా పడతాయి, నిమిషానికి 120కి కాస్త అటూ ఇటూ. వాటి సందుల్లో హై-హ్యాట్, అంటే డ్రమ్ముల పక్కనుండే జంట పళ్లాలు, చిస్సు చిస్సుమంటుంది. తప్పిపోయేది ఏమీ లేదు, నడక వచ్చినవాళ్లకు ఈ డ్యాన్స్ వచ్చినట్టే. ఫంక్ అలా లొంగదు. అక్కడ డ్రమ్ము, గిటారు, బాకాలు తలా ఒక దిక్కు పోతున్నట్టు వినిపిస్తాయి. ఫంక్‌కు దారి వేసిన అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ తన వాద్యగాళ్లందరినీ నాలుగు దెబ్బల లెక్కలో ‘ఒకటి’ మీద గట్టిగా కలవమనేవాడు. తర్వాత ఎవరెటు పోయినా మళ్లీ ఒకటికి వచ్చేయాలి. చిన్నప్పుడు సంగీతం క్లాసులో తాళం వేసేటప్పుడు సమం అని చెప్పేవాళ్లు కదా, దాన్ని గుర్తుచేసుకో. ఫంక్ వేసినప్పుడు కాళ్లు పెద్దగా కదపకు. ఒకటి మీద ఒంటి బరువు కిందికి దించు, మిగతా లెక్క భుజాలు, నడుము చూసుకుంటాయి.

ఇంకో సంగతి, మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పాట మధ్యలో పాడేవాళ్లు తప్పుకుంటారు, వయొలిన్లు ఆగిపోతాయి, ఉత్త డ్రమ్ములు, బేస్ మిగులుతాయి. పాట అయిపోయిందనుకుని మన జనం నీళ్ల బాటిల్ కోసం పోతారు. అప్పుడు పోవద్దు! దాన్ని బ్రేక్ అంటారు, ఆడేవాళ్ల కోసమే పెట్టింది అది. చిన్న రికార్డులో మూడు నాలుగు నిమిషాలకు మించి పడితే శబ్దం పలచబడేది. అందుకని 70ల మధ్యలో టామ్ మౌల్టన్ వంటి అమెరికన్ మిక్సింగ్ నిపుణులు పాటల్ని సాగదీసి, ఇలాంటి బ్రేకులు కలిపి, 12 అంగుళాల రికార్డుల మీదికి ఎక్కించారు. రికార్డు మీది గాడులు ఎడంగా ఉండటంతో బేస్ కూడా బలంగా పలికింది.

బోనీ ఎమ్ అనే డిస్కో బృందం పాటలు తప్పకుండా వేస్తారు. ఆ రోజుల్లో మా షాపులో ఎక్కువగా అడిగింది వాళ్లనే. అందులో మగ గొంతు స్టూడియోలో ఫ్రాంక్ ఫారియన్ అనే జర్మన్ నిర్మాతది, స్టేజీ మీద ఆడింది బాబీ ఫారెల్. పాడేదొకరు, పెదాలాడించేదొకరు అంటే తెలుగువాళ్లకు వింతేముంది.

డిస్కో చవకబారు సంగీతమని నీ గుంపులోనే ఎవరో ఒకరు అంటారు. 1979 జూలై 12న షికాగోలో ఒక బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులు పోగేసి పేల్చారు కూడా. ఆ పాటల్ని మొదట నెత్తిన పెట్టుకున్నది న్యూయార్క్ క్లబ్బుల్లోని నల్లవాళ్లు, లాటినోలు, గే కుర్రాళ్లు. ఆ కోపంలో సంగీతం మీద అయిష్టం కొంతే, మిగతాది ఆ మనుషుల మీద అని నా అనుమానం. అదే షికాగోలో కొన్నేళ్లకే డిస్కో లోంచి హౌస్ మ్యూజిక్ అనే మెషిన్ డ్రమ్ముల క్లబ్బు సంగీతం పుట్టింది. ఎవరితోనూ వాదించకు, ఫ్లోర్ మీదికి పో.

గేటు దగ్గర వెనక్కి పంపితే మాత్రం చిన్నబుచ్చుకోవద్దు. 1977 డిసెంబరు 31 రాత్రి ఇందాక చెప్పిన షిక్ వాళ్లనే న్యూయార్క్‌లోని స్టూడియో 54 అనే పేరుమోసిన డిస్కో క్లబ్బు లోపలికి రానివ్వలేదు. ఇంటికెళ్లి ఆ మంటలో వాయించుకున్నదే తర్వాత ‘ల ఫ్రీక్’ అయి అమెరికాలో నంబర్ వన్‌కి ఎక్కింది. నువ్వు అంత చేయక్కర్లేదు, ఆధార్ కార్డు వెంట ఉంచుకో, చెప్పులు కాకుండా బూట్లు వేసుకో. అడుగున రబ్బరు మరీ పట్టేవి వద్దు, తిరిగేటప్పుడు పాదం నేలకు అతుక్కుని మోకాలు మెలిపడుతుంది. స్పీకరుకు ఆనుకుని నిలబడకు, రెండు రోజులు చెవిలో గుయ్యిమంటుంది. సాయంత్రం రెండు ఇడ్లీ తిని పో. మొదటి అరగంట పక్కన నిలబడి చూడొచ్చు, ఎవరూ ఏమనుకోరు.

ఫ్రెండ్ వాళ్లింటికి చేరాక మెసేజ్ పెట్టు. అక్కకు కాదు, నాకు. మీ అమ్మతో నేను మాట్లాడతాలే.

ఇట్లు,
మామయ్య