లీటరు ధరకూ బిల్లుకూ తేడా

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. పాడి మీదే బతుకుతున్నాం. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. బ్యాటరీల రంగంలోకి వెళ్తానంటుంది. కానీ గాల్వానిక్ ఘటం (రసాయన చర్యతో కరెంటు పుట్టించే ఘటం) లెక్కల్లో ప్రతిసారీ మార్కులు పోతున్నాయి. కెమిస్ట్రీ రానప్పుడు కంప్యూటర్స్‌లో చేర్చడమే మేలు కదా? నోటు పుస్తకం ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: ఫొటోలు చూశాను. ఆరు లెక్కల్లో నాలుగు సరిగ్గానే ఉన్నాయి. తప్పిన రెండింటిలోనూ వెండి ఉంది. రాగి–వెండి ఘటంలో ఒక రాగి పరమాణువు వదిలిన రెండు ఎలక్ట్రాన్లను రెండు వెండి అయాన్లు చెరొకటి తీసుకుంటాయి. సమీకరణంలో వెండి ముందు 2 వేసిన చేత్తోనే అమ్మాయి దాని పొటెన్షియల్ 0.80 వోల్టులను కూడా రెట్టించి, రాగి 0.34 తీసేసి 1.26 అని రాసింది. రెట్టించకూడదు. 0.80లోంచి 0.34 పోతే 0.46 వోల్టులు, అంతే.

ఎందుకో నాకంటే మీరే బాగా చెప్పగలరు. పాల కేంద్రంలో ఒక క్యాను పోసినా రెండు పోసినా లీటరు ధర మారదు, బిల్లు మారుతుంది. ఒక్కో కూలుంబు ఆవేశానికి ఎన్ని జౌళ్లో చెప్పేది వోల్టు. అది లీటరు ధర. చర్య నుంచి మొత్తం ఎంత పని రాబట్టవచ్చో చెప్పే గిబ్స్ శక్తి బిల్లు. ఆ 2 అక్కడ వాడాలి: 2 ఎలక్ట్రాన్లు, ఫారడే (ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఆవేశం) 96,500 కూలుంబులు, 0.46 గుణించి ముందు రుణ గుర్తు పెడితే సుమారు −88.8 కిలోజౌళ్లు. చర్య దానంతటదే జరుగుతుందని చెప్పేది ఆ గుర్తే. వెన్న శాతాన్ని బట్టి ధర మారినట్టు ద్రావణాల గాఢతను బట్టి వోల్టులూ మారతాయి, నెర్న్‌స్ట్ సమీకరణం పని అదే.

ఈ మాత్రానికి కెమిస్ట్రీ రాదనడం అన్యాయం. కంప్యూటర్స్ మంచి కోర్సే, ఇష్టపడి చేరేవారికి. బ్యాటరీల మీద మనసుంటే కెమికల్ ఇంజనీరింగ్ దగ్గరి దారి. ఏర్పేడు దగ్గరున్న తిరుపతి ఐఐటీలో ఉంది, జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థలోనైతే కెమికల్, ఎలక్ట్రోకెమికల్ ఇంజనీరింగ్ అనే బీటెక్కే ఉంది. పరిశోధన వైపు వెళ్లాలంటే తిరుపతి ఐసర్ (సైన్స్ విద్యా పరిశోధన సంస్థ). దాని ప్రవేశ పరీక్ష వేరు.

కారులో ఉండే సీసం బ్యాటరీ ఒకసారి చూపించండి. సుమారు 2 వోల్టుల ఘటాలు ఆరింటిని వరుసగా కలిపితే 12 అవుతుంది. ఇక్కడ వోల్టులు కూడతాయి, ఎందుకంటే ఇవి ఆరు వేర్వేరు ఘటాలు. రెండు సంగతులనూ కలగలపకుండా చూడండి.

ఈ రాత్రికి జింక్–వెండి ఘటం లెక్క ఇవ్వండి. జింక్ −0.76. జవాబు 1.56 వస్తే సరే. 2.36 వస్తే మీ పాల బిల్లు తీసి ఆమె ముందు పెట్టండి.